నలభై ట్యూబులు, ఒకే సూది

సెప్టెంబర్ ముప్పై, మంగళవారం. ఉదయం తొమ్మిదింటికి మరియకుమారి నలభై రక్తపరీక్షల రిపోర్టులు తెచ్చి అనీష్ బల్ల మీద వరసగా పరిచింది. పేర్లు వేరు, ఊళ్లు వేరు, వయసులు వేరు. ఇరవై రెండేళ్ల వెల్డరు దగ్గర్నుంచి యాభై ఎనిమిదేళ్ల కూలీ దాకా ఉన్నారు. హిమోగ్లోబిన్ మాత్రం అందరికీ ఆరు పాయింట్ ఎనిమిది. ఒకరిద్దరికి ఆరు పాయింట్ తొమ్మిది. అంతకు మించి తేడా లేదు.

"ఇంత తక్కువ రక్తం ఉన్నవాడు రెండు మెట్లెక్కితే గోడ పట్టుకుంటాడు," అంది. "ఈ నలభై మందీ శనివారం సైటులో ఇనప కడ్డీలు మోశారు. హాజరు పట్టీ చూశాను."

మరియకుమారిది మొగల్తూరు. పద్నాలుగేళ్లు షార్జాలో వార్డు నర్సుగా చేసి, ఆరేళ్ల కిందట ఈ ఆరోగ్య బీమా కంపెనీలో చేరింది. దొంగ బిల్లులు పట్టుకోవడం ఆమె పని. ఏ కంపెనీ కూలీల బృందానికి ఎంత ప్రీమియం వేయాలో తేల్చడం అనీష్ పని. ఒకే అంతస్తులో పదడుగుల దూరంలో కూర్చుంటారు. ఎదురుపడితే తల ఊపుకుంటారు, అంతే.

ఆ నలభై నమూనాలూ షార్జా పొలిమేరల్లో ఉన్న సజ్జాలోని ఓ చిన్న క్లినిక్ నుంచి వచ్చాయి. ఓ కన్‌స్ట్రక్షన్ కంపెనీ కూలీలు నాలుగు వందల పది మంది ఉండే క్యాంపుకి అదే దగ్గర. వారానికి మూడు రోజులు, రోజుకి నలభై ట్యూబులు అక్కడి నుంచి బయటి ల్యాబుకి వెళ్తాయి. ల్యాబు ఇన్‌చార్జి షహర్బాను ఈ అంకెలు చూసి అనుమానపడి, శనివారం వచ్చిన ట్యూబులన్నిటికీ బ్లడ్ గ్రూపు కట్టించింది. నలభైకి నలభై ఏబీ నెగటివ్. వందమందిలో ఒకరికి కూడా దొరకని రక్తం. నిన్న సాయంత్రం మరియకుమారికి ఫోన్ చేసి ఈ సంగతి చెబుతున్నప్పుడు ఆవిడ గొంతు మామూలుగా లేదు.

అనీష్‌కి ఇదంతా తెలిసిన వ్యవహారమే అనిపించింది. రాని రోగుల పేరు మీద బిల్లులు వేసే క్లినిక్కులు అతనికి కొత్త కాదు. మరియకుమారి ఇంకో కాగితం తీసి అతని ముందుకు జరిపింది. జనవరి నుంచి వారం వారం ఆ రక్తంలో వచ్చిన అంకెలు. జనవరిలో పద్నాలుగు. మార్చికి పదకొండు. జూన్ మొదటి వారానికి ఆరు. ఆ మరుసటి వారం ఒక్కసారిగా పన్నెండు. అక్కడి నుంచి మళ్లీ కిందికి దిగుతూ దిగుతూ ఆరు పాయింట్ ఎనిమిది.

"జూన్‌లో మనిషి మారాడు," అంది ఆమె. "మొదటివాణ్ణి ఆరు దాకా పిండారు. తరవాత ఇంకొకర్ని కూర్చోబెట్టారు. ఆ రెండో మనిషికీ ఇప్పుడు ఆరొచ్చింది."

అనీష్ ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. చూసి, తన కంప్యూటరు వైపు తిరిగాడు. ఆ బృందం పాలసీ ఇవాళ అర్ధరాత్రితో అయిపోతోంది. వసూలైన ప్రతి వందకీ నూట నలభై ఆస్పత్రులకి పోతోంది. ధర పెంచితే ఆ కంపెనీ అన్నిటికన్నా చౌక ప్లానులోకి దిగిపోతుంది. అందులో ఆపరేషన్ ఉండదు, గుండె జబ్బు ఉండదు. పెంచకపోతే డబ్బు అడుగంటుతుంది. ఇలాగే అడుగంటిన ఇంకో బృందంలో, నిజంగా గుండెపోటు వచ్చిన మనిషి అప్రూవల్ తన బల్ల మీదే రెండు రోజులు ఆగిందని అతను చెప్పాడు. ఆ మనిషి పేరు కూడా చెప్పాడు. కాబట్టి ఇప్పుడే క్లినిక్‌ని లిస్టులోంచి తీసేస్తూ మెయిల్ పంపుతానన్నాడు.

సాయంత్రం దాకా ఆగమంది మరియకుమారి. మెయిల్ అందగానే వాళ్లు జాగ్రత్తపడతారు, ఆ మనిషిని మాయం చేస్తారు.

"నాకు మనుషులు కనపడరు, నాలుగు వందల పది కార్డులు కనపడతాయి," అన్నాడు అనీష్. "మీ సాయంత్రం దాకా ఎవరు కడతారు, మరియా?"

"నాకు ఇద్దరు కనపడుతున్నారు."

అతను కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. తొమ్మిదీ నలభైకి మెయిల్ వెళ్లింది. ఇవాళ అర్ధరాత్రి దాకా చేసిన పరీక్షలకే బిల్లులు చెల్లుతాయని అందులో ఉంది.

ఆమె సజ్జా చేరేసరికి పదకొండు దాటింది. పగటిపూట లేబర్ క్యాంపు ఎలా ఉంటుందో అంతకుముందు ఆమె చూడలేదు. మూడంతస్తుల బిల్డింగులు నాలుగు, మనిషన్నవాడు లేడు. ప్రతి గది ముందూ చెప్పులు జతలు జతలుగా ఉన్నాయి. తీగల మీద ఆరేసిన చొక్కాలు ఏసీల వేడి గాలికి ఉబ్బి, లోపల ఎవరో ఉన్నట్టు భుజాలు కదిలిస్తున్నాయి. తాళం వేసిన ఏదో గదిలో ఫోన్ మోగుతోంది. ఆగి, మళ్లీ మోగుతోంది. ఆమె రెండో అంతస్తు ఎక్కేదాకా అది మోగుతూనే ఉంది.

గదిలో రాజలింగం ఒక్కడే ఉన్నాడు. జగిత్యాల దిక్కు మనిషి, నలభై ఆరేళ్లు, స్టీల్ ఫిక్సరు. పది రోజుల కిందట పాదం మీద బీము పడింది. పాదం ఉబ్బి, తోలు నల్లబడి మెరుస్తోంది. ఆస్పత్రిలో ఆపరేషన్ చెయ్యాలన్నారు. కార్డు గీకితే ఈ ఏడాదికి లిమిట్ అయిపోయిందని వచ్చింది. అప్పట్నుంచీ మంచం మీదే ఉన్నాడు.

మరియకుమారి అతని ఫైలు తెరిచి చదివింది. షుగరు, బీపీ, కాళ్ల మంటలు. జనవరి నుంచి క్లినిక్కుకి ఇరవై ఆరు సార్లు వెళ్లినట్టు, ముప్ఫై ఒక్క రక్తపరీక్షలు చేయించుకున్నట్టు ఉంది. రాజలింగం నోరు తెరుచుకుని విన్నాడు. వేరే ఎవరి గురించో వింటున్నట్టు తలుపు వైపు చూశాడు.

"నేనా దవాఖాన గడప తొక్కలే మేడమ్," అన్నాడు. "పొద్దుగాల నాలుగింటికి బస్సెక్కితే రాత్రికి దిగుత. కార్డులన్ని క్యాంప్ బాస్ తీస్కున్నడు, రెన్యువల్ కని. నాకు షుగర్ లేదు. ఉన్నట్టు నాకెర్కనే లేదు."

ఆ క్లినిక్కులో తనకి తెలిసినవాడు ఒక్కడే అని చెప్పాడు. అక్కడి వ్యాను డ్రైవరు మల్లేశ్. పక్క ఊరివాడు, ఈ గదిలోనే ఆ మూల మంచం. ఎండాకాలం మొదలయ్యేసరికి మనిషి పాలిపోయాడు, అన్నం ముందు కూర్చుని నిద్రపోయేవాడు. అడిగితే పనెక్కువ అనేవాడు. జూన్‌లో ఓ రోజు గదికి రాలేదు. క్లినిక్ మేనేజర్ ఫ్రాంక్లిన్ వచ్చి మల్లేశ్ ఇంటికి పోయాడని చెప్పాడు. నెల తిరగ్గానే ఊరి నుంచి మల్లేశ్ తమ్ముడు ఫోన్ చేసి, మా అన్న ఏడీ అన్నాడు.

"ఆయన సామాను?"

రాజలింగం మంచం కిందికి చూపించాడు. పెట్టె అక్కడే ఉంది. ఇంటికి పోయేవాడు పెట్టె విడిచిపెట్టి పోడని గదిలో అందరికీ తెలుసు. ఒకరికొకరు అనుకోలేదు, అంతే.

మల్లేశ్ తమ్ముడి పేరు భూమేశ్. నాలుగు రోజుల కిందట విజిట్ వీసా మీద వచ్చాడు. అన్న మంచం మీదే నాలుగు రాత్రులు పడుకున్నాడు. క్లినిక్కుకి పోయి అన్న గురించి అడిగి వచ్చాడు. ఇవాళ పొద్దున ఏడింటికి అదే క్లినిక్ వ్యాను క్యాంపు గేటు ముందుకి వచ్చింది. అన్న దగ్గరికి తీసుకుపోతామన్నారు, ఉద్యోగం కూడా ఇప్పిస్తామన్నారు. మంచి చొక్కా తొడుక్కుని ఎక్కాడు.

మరియకుమారి టైము చూసుకుంది. పదకొండూ యాభై. భూమేశ్ నంబరు రాసుకుని, మెట్లు దిగుతూ చేసింది. స్విచ్ ఆఫ్.

క్లినిక్ రోడ్డుకి అవతలే ఉంది. అద్దాల తలుపు తోసి లోపలికి వెళ్లేసరికి పైనెక్కడో స్పీకరులోంచి రికార్డు చేసిన ఆడగొంతు టోకెన్ నంబర్ నలభై ఏడు, రూమ్ నంబర్ రెండు అని పిలిచింది. హాల్లో ఇరవై కుర్చీలు ఉన్నాయి. వాటికి కప్పి వచ్చిన ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలేదు. కుర్చీల్లో ఎవరూ లేరు. రూమ్ నంబర్ రెండు తలుపు తెరిచే ఉంది, అందులోనూ ఎవరూ లేరు. కాసేపటికి ఎక్కడో ప్రింటరు కదిలి ఓ కాగితం బయటికి తోసింది. గొంతు మళ్లీ పిలిచింది. నలభై ఎనిమిది.

కౌంటరు వెనక ఒక నర్సు కూర్చుని ఉంది. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. మణికట్టు దాకా చేతుల స్వెట్టరు. మూడు నిమిషాలకోసారి బల్ల మీది బటను నొక్కుతోంది. రెండో చేతిలో గ్లాసు. దాన్నిండా మంచుముక్కలు. ఒక్కొక్కటే నోట్లో వేసుకుని కరకరా నములుతోంది. ఆ ఖాళీ హాల్లో ఆ నమిలే చప్పుడు చివరి కుర్చీ దాకా వినిపిస్తోంది.

మరియకుమారి ఐడీ చూపించి తనెవరో చెప్పింది. నర్సు పేరు స్వీటీ. ఊరు పోడూరు. తెలుగు వినగానే ఆ పిల్ల కళ్లలో ఓ వెలుగు వచ్చి వెంటనే ఆరిపోయింది. డాక్టరు బయటికెళ్లారంది. మేనేజరు ఫ్రాంక్లిన్ పదకొండింటికే వ్యాను తీసుకుని వెళ్లిపోయాడంది. ఎక్కడికో తెలీదంది. పొద్దున ఎనిమిదీ పది నుంచి ఎనిమిదిన్నర దాకా నలభై మంది వచ్చి రక్తం ఇచ్చి వెళ్లారంది. రిజిస్టరులో అలాగే రాసి ఉంది.

ఇరవై నిమిషాల్లో నలభై మంది. మనిషికి అరనిమిషం. పద్నాలుగేళ్ల నర్సు ఉద్యోగంలో మరియకుమారి అరనిమిషంలో ఒక్కరికి కూడా నరం దొరికించుకోలేదు.

రక్తం తీసే గది చూస్తానంది. అది చిన్న గది. కుర్చీకి రెండు వైపులా చెయ్యి పెట్టుకునే దిండ్లు. కుడి దిండు కొత్తగానే ఉంది. ఎడమ దిండు రెక్సిన్ మోచెయ్యి ఆనే చోట చిరిగి, మందు మరకలతో గోధుమరంగుకి తిరిగింది. గోడకి వాడిన సూదులు వేసే పసుపుపచ్చ డబ్బా ఉంది. నిన్న సాయంత్రం చెత్త బండివాళ్లు పాతది పట్టుకెళ్లి కొత్తది పెట్టినట్టు దాని మీద తేదీ, సంతకం ఉన్నాయి. మరియకుమారి గ్లవ్స్ తొడుక్కుని డబ్బాని వెలుతురుకి ఎత్తింది. కదిపింది. ఒక్క సూది అటూ ఇటూ దొర్లింది.

ఆ ఒక్క సూదినే చూస్తూ నిలబడింది. సూది నరంలో ఉంచి, వెనక ట్యూబు మారుస్తూ పోతే ఎన్నయినా నింపొచ్చు. నలభై మంది వస్తే నలభై సూదులు కావాలి. ఒక మనిషి వస్తే ఒకటి చాలు.

బయటికొచ్చి స్వీటీ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. గట్టిగా ఏమీ అడగలేదు. రక్తం బాగా తగ్గిన ఆడవాళ్లు మంచు నములుతారని, పురిటి వార్డులో చేసేటప్పుడు ఎంతోమందిని చూశానని చెప్పింది. రిపోర్టుల్లో జూన్ నుంచి కనపడే రెండో మనిషి రక్తం పన్నెండు దగ్గర మొదలైందని, మగవాడైతే ఇంకా పైన ఉండాలని కూడా చెప్పింది. తరవాత స్వీటీ ఎడమ చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని స్వెట్టరు పైకి మడిచింది. ఆ పిల్ల వద్దనలేదు. మోచేతి మడతలో తోలు గట్టిపడి, మచ్చల మీద మచ్చలతో చింతపండు ముద్దలా ఉంది.

స్పీకరు గొంతు యాభై ఒకటి అని పిలిచింది. స్వీటీ బటను మీద నుంచి వేలు తీసింది. ఆ తరవాత హాల్లో చప్పుడు లేదు.

ఆమె చెప్పుకుంటూ పోయింది. లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పింది. వీసాలో ఆమె హెల్పరు. ముదీర్, అంటే మేనేజరు ఫ్రాంక్లిన్, తలుచుకుంటే ఒక్క ఫోన్‌తో పోలీసు కేసు. మొదట్లో ట్యూబులు మల్లేశ్ దగ్గర నింపేవాళ్లు. అతని వీసా కాగితాలు కూడా ఫ్రాంక్లిన్ దగ్గరే ఉన్నాయి. జూన్‌లో ఓ పొద్దున మల్లేశ్ ఆ కుర్చీలోనే పడిపోయాడు. ఫ్రాంక్లిన్ అతన్ని వ్యాన్లో పడుకోబెట్టి, కల్బాలో కొత్త బ్రాంచి ఉంది, అక్కడ విశ్రాంతి ఇస్తానని తీసుకెళ్లాడు. సాయంత్రం తిరిగొచ్చి, ల్యాబుకి నలభై పంపాలి, ఎవరివి పంపుదామని అడిగాడు. ఆ ఒక్క వారమే అనుకుని స్వీటీ తన చెయ్యి చాపింది.

మరియకుమారి ఫోన్ మోగింది. షహర్బాను. ఇవాళ పొద్దున వచ్చిన నలభై ట్యూబులు చూశానంది. ఏబీ నెగటివ్ కాదు. నలభైకి నలభై ఓ పాజిటివ్. హిమోగ్లోబిన్ పదిహేను.

మరియకుమారి ఫోన్ కింద పెట్టి స్వీటీ వైపు చూసింది. స్వీటీ తల దించుకుంది.

"ఇవాళ నాది కాదక్కా. నాది ఇక పనికిరాదన్నారు. పొద్దున ఒకతన్ని తీసుకొచ్చి, ఉద్యోగానికి మెడికల్ అని చెప్పి కూర్చోబెట్టారు. తీసింది నేనే. పదకొండింటికి ఫ్రాంక్లిన్ సార్ అతన్నీ వ్యాన్లో ఎక్కించుకెళ్లారు. తీస్తుంటే ఇన్ని ట్యూబులెందుకు సిస్టర్ అని అడిగాడు. తరవాత, మా అన్న మల్లేశ్ ఇక్కడే డ్రైవరు, మీకు తెలుసా అన్నాడు. అచ్చం అవే కళ్లక్కా. తెలీదన్నాను."

ఆ మాట చెప్పాక ఆమెకి ఏడుపు రాలేదు. గ్లాసులో మిగిలిన మంచు కరిగి నీళ్లవుతుంటే దాన్నే చూస్తూ ఉండిపోయింది.

మరియకుమారి ఆ పిల్లని లేవదీసి కారు దగ్గరికి నడిపించింది. పది అడుగులు వేసేలోపు స్వీటీ రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది. ఒంటిగంటా ఇరవై ఐదు. కారు తలుపు వేస్తుండగా మళ్లీ ఫోన్. ఈసారి అనీష్. పొద్దున మాట్లాడిన మనిషిలా లేడు. మెయిల్ వెళ్లిన అరగంటకి ఆ క్లినిక్ కల్బా బ్రాంచి పేరు మీద సిస్టంలో కొత్త బుకింగ్ పడిందన్నాడు. ఇప్పుడే చూశానన్నాడు. అర్ధరాత్రి గడువులోపు బిల్లు చెయ్యడానికి, ఇవాళ మధ్యాహ్నం మూడింటికి, క్యాంపులో ఉన్న మొత్తం నాలుగు వందల పది మందికీ రక్తపరీక్షలు.

"వాళ్లంతా సైటులో ఉన్నారు మరియా. కల్బా ఎవరు వెళ్తారు?"

ట్యూబుకి మూడున్నర మిల్లీలీటర్లు. నాలుగు వందల పది ట్యూబులు. దాదాపు లీటరున్నర. మనిషి ఒంట్లో ఉండేదే ఐదు లీటర్లు. ఆ లెక్కా, రాజలింగం పాదం సంగతీ ఫోన్‌లో చెప్పింది. అనీష్ రాజలింగం ఆపరేషన్‌కి స్పెషల్ అప్రూవల్ రాస్తున్నానని, ధర సంగతి రేపు చూద్దామని, కల్బా బ్రాంచి లొకేషన్ పంపుతున్నానని చెప్పి పెట్టేశాడు. సారీ అన్నాడో లేదో ఆమెకి వినపడలేదు.

కల్బా గంట దారి. కారు పెద్ద రోడ్డు ఎక్కగానే ఆమె స్పీకరు మీద పోలీసులకి ఫోన్ చేసింది. లైన్లో ఆఫీసరు నింపాదిగా ఒక్కొక్కటే అడిగి రాసుకున్నాడు. లొకేషన్ పంపింది. వ్యాను నంబరు స్వీటీ చెప్పింది. మనిషి పేరు భూమేశ్ అంది. ఐడీ నంబరు లేదు, కార్డు లేదు, విజిట్ వీసా అంది. ఆ బిల్డింగులో అతను ఒక్కడేనా, ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు ఆఫీసరు. ఒక్కడే అనబోయింది.

స్వీటీ ఆమె మోచెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది.

"అక్కా, జూన్ నుంచి ప్రతి గురువారం నా చేత ఓ ఐరన్ ఇంజెక్షన్ ప్యాక్ చేయించి కల్బా పట్టుకెళ్తున్నారు. ఒంట్లో రక్తం పట్టడానికి వేసేది. నాకెప్పుడూ వెయ్యలేదు. మొన్న గురువారం ఫ్రాంక్లిన్ సార్ నవ్వుతూ అన్నారు. మనవాడికి మళ్లీ పదమూడొచ్చింది, ఇక రెడీ అని."

స్పీకరులోంచి ఆఫీసరు మళ్లీ అడిగాడు. ఎంతమంది.

"ఇద్దరు," అంది మరియకుమారి. "ఇద్దరూ అన్నదమ్ములు. ఇద్దరూ బతికే ఉన్నారు. తొందరగా వెళ్లండి."